అన్న నాకు ఎడారి చూపించిన రోజు

మా గ్యారేజీ మస్కట్ పక్కన, ఘాలాలో. పాత మినీబస్సులు కొని, సీట్లు పీకేసి, లోపల మంచాలు, పొయ్యిగట్టు, నీళ్ళ ట్యాంకు, బాత్‌రూము బిగించి, చక్రాల మీద ఇల్లు చేసి అమ్ముతారు. క్యారవాన్ అంటారు దాన్ని. ఇక్కడివాళ్ళు పెళ్ళాం పిల్లలతో ఎడారికో సముద్రం ఒడ్డుకో పోయి, అందులోనే వండుకుని, అందులోనే పడుకుని వస్తారు. నేను పరుపులు, దిండ్లు, కర్టెన్లు కుడతాను. ఇన్నేళ్ళలో ఎన్ని బండ్లకు కుట్టానో నాకే తెలియదు. ఒక్కదాంట్లోనూ వెన్ను వాల్చలేదు. దానికేం ఏడవను, పని పనే.

ఆ ఈద్ సెలవుల్లో మాత్రం అర్బాబ్, అంటే మా ఓనరు, అప్పుడే తయారైన బండిని మా చేతికిచ్చి ఎడారి దాకా తిప్పుకుని రమ్మన్నాడు. ట్రయల్ అన్నమాట. ట్యాంకు కారుతుందా, ఫ్రిజ్ ఆగిపోతుందా, గతుకుల్లో అల్మారా తలుపులు ఊడిపడతాయా చూసుకుని రావాలి. కొన్నవాళ్ళు పండగ కాగానే తీసుకుపోతారు. నేనప్పటికే ఊరికి పోతానని సెలవు కోసం ఆయన వెంటపడుతున్నాను. "బండి బాగుందని చెప్పు, మర్నాడే నీకు టికెట్" అన్నాడు. నాకు ఎడారీ వద్దు, ఏదీ వద్దు. టికెట్ కోసం బయలుదేరాను.

ఎందుకంటే అక్క కరీంనగర్ దవాఖానాలో ఉంది. ఊపిరి జబ్బు. పెళ్ళికి ముందు నుంచీ బీడీలు చేసిన మనిషి. అమ్మ పోయాక నన్ను సాకింది అక్కే. పొద్దున లేస్తే చాట ఒడిలో పెట్టుకుని, తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి, మళ్ళీ ఇంకో ఆకు. ఆ చాట పక్కనే పడుకున్నాను, ఆ చాట పక్కనే చదువుకున్నాను. ఆ దుమ్మంతా ఆమె లోపలికే పోయింది. మొగుడు ఎప్పుడో వదిలేసి పోయాడు. ఒక్కతే కూతురు. ఆ పిల్లే దవాఖానాలో తల్లి పక్కన కూర్చుంది.

బయలుదేరే ముందురోజు సాయంత్రం వీడియోలో మాట్లాడాను. మూతికి ఆక్సిజన్ మాస్కు. నన్ను తిట్టడానికి దాన్ని తీసి పక్కన పెట్టింది. అట్లాంటి మనిషి.

"నువ్వక్కడ కూసోని ఏడిస్తే నాకిక్కడ దమ్ము తగ్గుతదారా? పో, ఆ బండేదో నడిపి సూపియ్యి, టికెట్ తీస్కొని రా. గొంతుల పైపేస్తరట నాకు. ఏస్తే మాట రాదట. నేను నోరు మూసుకొని ఉన్నదెప్పుడన్న సూసినవా నువ్వు?"

మేనకోడలు మాస్కు మళ్ళీ పెట్టి ఫోన్ తీసుకుంది. "పైపు ఏసే ముందుగాల నీకు ఫోన్ చేస్త మామా. నీతోని మాట్లాడినంకనే ఏయనిస్తనని డాక్టర్లతోని కొట్లాడుతున్నది. నీకేదో చెప్పాలెనట. ఏందంటే నాకు చెప్తలేదు. ఫోన్ దగ్గర పెట్టుకో."

"చేతిలోనే పెట్టుకుంట బిడ్డా" అన్నాను.

బండిలో ముగ్గురం. తోలేది అన్న. సొంత అన్న కాదు, మా పక్క ఊరాయన, నాకంటే చాలా పెద్ద. వైరింగ్ పనీ ఆయనదే, డ్రైవింగూ ఆయనదే. నేనిక్కడికొచ్చిన మొదటి రోజు రూమ్‌లో తన మంచం నాకిచ్చి కింద పడుకున్నాడు. మూడోవాడు గోదావరి జిల్లా మనిషి, పైపుల పనివాడు. ఏ చుట్టరికమూ లేకుండా నన్ను బావా అని పిలుస్తాడు. నోరు మూత పడదు. బిద్‌బిద్ కొండలు దాటేదాకా వాడి వాగుడే.

"చూశావా బావా, నువ్వు కుట్టిన పరుపు మీద నువ్వే పడుకున్నావ్. ఇంక నీ జన్మ ధన్యమే! ఆయ్, ఆ కర్టెన్ అలా తియ్యి, కొండలు చూడనీ. మనూళ్ళో పచ్చగా లేని కొండంటే అసలు కొండే కాదు. ఇక్కడ ఒక్క గడ్డిపరక ఉంటే ఒట్టు!"

నవ్వాను. అక్క తిట్లు విన్నాక మనసు కాస్త తేలికపడింది, దాచుకోవడమెందుకు. ఇబ్రాలో ఆగి కరక్ చాయ్ తాగాం. అక్కడిదాకా ఫోన్ బాగానే ఉంది. బిదియా దాటి తారు రోడ్డు వదిలి ఇసుక అంచుకు రాగానే నా ఫోన్‌లో సిగ్నల్ గీతలు పోయాయి. రోడ్డు మీదికి పోదామన్నాను.

"నాది వేరే కంపెనీ సిమ్ము, నాకు మంచిగనే వస్తున్నది" అన్నాడు అన్న. "నీ కోడలి దగ్గర నా నంబర్ ఉన్నది గద. ఫికర్ చెయ్యకు తమ్మీ."

నిజమే కదా అని ఊరుకున్నాను. కాలం కలిసిరాకపోతే తాడే పామై కరుస్తుందంటారు.

ఇసుక మొదలయ్యే చోట గట్టి నేల మీద బండి ఆపి, పొయ్యి వెలిగించి చూశాం. గోదావరివాడు ట్యాంకు కింద దూరి పైపులు తడుముతున్నాడు. నేను లోపల అల్మారా తలుపులు తెరిచి మూస్తున్నాను. అప్పుడు అన్న ఫోన్ మోగింది. కిటికీలోంచి చూశాను. ఫోన్ చూసుకుని, ఎత్తి, నాలుగడుగులు అవతలికి పోయాడు. రెండే రెండు ముక్కలు మాట్లాడాడు. ఫోన్ చెవి నుంచి తీసి, దానివైపే చూస్తూ నిలబడి, ఆపేశాడు. ఆపేయడమంటే కాల్ కట్ చేయడం కాదు, ఫోన్ మొత్తమే ఆపేశాడు. జేబులో పెట్టుకుని కాసేపు ఇసుక వైపు తిరిగి నిలబడ్డాడు.

గల్ఫ్ రూముల్లో చావు కబురుకు ఒక పద్ధతి ఉంది. చచ్చినవాళ్ళ మనిషికి ఇంటివాళ్ళు ఫోన్ చేయరు, వాడి దోస్తుకు చేస్తారు. దోస్తు కబురు విని, ఏడ్చేవాళ్ళ చేత ఆ మాట పూర్తిగా చెప్పించకుండా 'సమజైంది, నేను చూసుకుంట' అనాలి. అన్నాక తన ఫోన్ ఆపేయాలి, లేకపోతే చుట్టాలందరూ చేసి గోల పెడతారు. ముందు వాడికి కడుపునిండా తినిపించాలి, ఎందుకంటే విన్నాక ముద్ద దిగదు. టికెట్టో, బండో, ఏదో ఒకటి కుదిరాకే మెల్లగా చెప్పాలి. ఇది ఎవరూ రాసి పెట్టలేదు. వచ్చిన ప్రతివాడూ నేర్చుకుంటాడు. మా రూమ్‌లో నిర్మల్ నుంచి వచ్చిన పిల్లగాడి తండ్రి పోయినప్పుడు నేనూ కోడిగుడ్ల కూర వండి పక్కన కూర్చుని తినిపించాను. ఎయిర్‌పోర్టు దాకా వాడికి, తండ్రికి సీరియస్ అనే చెప్పాం. పాపం, వాడికి మొదటి ముద్దప్పుడే తెలిసిపోయిందట.

నాకూ అట్లాగే తెలిసిపోయింది.

అన్న బండిలోకి వచ్చి, "ఎవలో రాంగ్ నంబర్" అన్నాడు. నేను అడగనే లేదు. ఇంకాసేపటికి ఆయన గోదావరివాణ్ణి బండి వెనక్కి పిలిచి ఏదో చెప్పాడు. అంతే, వాడి నోరు పడిపోయింది. బావా అని పిలవడమే మానేశాడు. అన్నంలోకి వండిన మాంసం ముక్కలన్నీ నా పళ్ళెంలోకే వచ్చాయి. "తిను తమ్మీ, ఇంకింత ఏస్కో" అని అన్న గిన్నె పట్టుకుని నా మీదే వంగి నిలబడ్డాడు. ఆయన పళ్ళెం ముట్టలేదు.

ఒకవేళ పైపు కోసం చేశారేమో అని నాకు అనిపించకపోలేదు. కానీ అదైతే అన్న పరిగెత్తుకొచ్చి ఫోన్ నా చెవికి పెట్టేవాడు కదా? పెట్టలేదంటే మాట్లాడే మనిషి లేదనే కదా? అడగొచ్చు. 'అన్నా, అక్కేనా?' అని రెండే మాటలు. అడగందే అమ్మైనా పెట్టదంటారు. నేను అడగలేదు. అడిగితే అక్క చచ్చిపోతుంది. అడగనంతసేపు ఎక్కడో దవాఖానా మంచం మీద మాస్కు పీకి నన్ను తిడుతూనే ఉంటుంది. ఆ ఒక్క పూట ఆమెను బతికించుకుందామనుకున్నాను. ముక్క నములుతున్నాను, మింగుతున్నాను, ఎట్లా మింగానో ఆ దేవుడికే తెలియాలి.

తిన్నాక ఘాలాకు మళ్ళుతామనుకున్నాను. అన్న మళ్ళలేదు. ఆయన లెక్క వేరు. మళ్ళీ మస్కట్ చేరేదాకా ఎట్లాగూ చెప్పడు. ఊరికి పోతే నేను మళ్ళీ వస్తానో రానో. ఈ ఒక్క రోజన్నా వీడు ఏదైనా చూడనీ, తర్వాత ఎట్లాగూ ఏడుపే అనుకున్నాడు. ఇది ఆయన తర్వాత చెప్పిన మాట. అప్పుడు మాత్రం నా రెక్క పట్టుకుని బయటికి లాగాడు.

"ఇంత దూరమొచ్చి దిబ్బ ఎక్కకపోతే ఎట్ల? దా, ఎక్కుదాం. ఫొటో తీస్త."

పైకి ఎక్కుతుంటే కాలు మోకాలి దాకా దిగుతుంది, ఒకడుగు వేస్తే అరడుగు వెనక్కే. ఆయన ముసలి ఊపిరితో ఆయాసపడుతూ నన్ను ముందు నడిపించాడు. పైన గాలి. కంటికి ఆనినంత మేరా ఇసుక. ఎర్రగా ఉంటుందనుకున్నాను, అట్లా కాదు, పసుపు వేసి కలిపిన పిండి రంగు. బాగుంది. నిజంగా బాగుంది. దాన్ని చూసి నాకు కడుపు మండిపోయింది. ఏం లోకమిది, మనిషి పోయిందని తెలిసినా అందంగానే కనిపిస్తుందా! కళ్ళు పీకి పారేయాలనిపించింది.

అక్కడ, ఆ దిబ్బ కొన మీద, నా జేబులో ఫోన్ అదిరింది. తీసి చూస్తే రెండు గీతలు వచ్చి ఉన్నాయి. మిస్డ్ కాల్స్ కబుర్లు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. అన్నీ కోడలి నంబరే. అన్న నా చేతివైపు చూశాడు, ముఖం పాలిపోయింది. ఆయన ఏమీ అనకముందే నేనే ఫోన్ ఆపేసి జేబులో పెట్టుకున్నాను. ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

"నవ్వు తమ్మీ" అన్నాడు అన్న, గోదావరివాడి దగ్గర అడిగి తెచ్చుకున్న ఫోన్ పైకెత్తి. నవ్వాను. ఆ ఫొటో ఇప్పటికీ ఉంది. పండగ బట్టల్లో పళ్ళికిలిస్తూ నిలబడ్డ ఆ వెధవను చూస్తే చెంప పగలగొట్టాలనిపిస్తుంది.

తర్వాత ఒంటెలు. ఒక పెద్దాయన తన గుడారం ముందు కూర్చోబెట్టి ఖర్జూరాలు, చేదు కాఫీ ఇచ్చాడు. ఈద్ ముబారక్ చెప్పి, మీ ఇంట్లో అందరూ బాగున్నారా అని అరబీలో అడిగాడు. ఇక్కడ ఎవరైనా ముందు అడిగేది అదే. "అల్‌హమ్‌దులిల్లా" అన్నాడు అన్న నా తరఫున. అక్కణ్ణుంచి వాదీ బనీ ఖాలిద్. కొండల మధ్య పచ్చటి నీళ్ళ మడుగు, ఒడ్డున ఈత చెట్లు, పండగ జనం, నీళ్ళలో పిల్లల కేరింతలు. అన్న నన్ను నీళ్ళలో కాళ్ళు పెట్టి కూర్చోమన్నాడు. చిన్న చేపలు వచ్చి మడమలు పొడుస్తున్నాయి. గోదావరివాడు దూరంగా రాయి మీద కూర్చుని ముక్కు తుడుచుకుంటున్నాడు. ఇక ఉండబట్టలేకపోయాను.

"పోదామన్నా" అన్నాను. "చూసింది చాలు."

తిరుగు దారిలో పొద్దు వాలుతుంటే ఒక ఖాళీ జాగాలో అన్న బండి పక్కకు తీశాడు. స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు.

"తమ్మీ, నీకొకటి చెప్పాలె."

"తెలుసన్నా."

ఆయన ఇటు తిరిగి చూశాడు. "ఎప్పటి సంది?"

"నువ్వు ఫోన్ ఆపినప్పటి సంది."

"ఓరి దేవుడా! తెలిసి తిన్నవా బిడ్డా! తెలిసి దిబ్బ ఎక్కినవా!" అని తల బాదుకున్నాడు. పొద్దుటి నుంచీ బిగబట్టుకున్న ఏడుపంతా ఇద్దరికీ ఒక్కసారే వచ్చింది. నేను అక్కా అని అరిచాను. ఎంత గట్టిగా అరిచానో, గోదావరివాడు వెనక నుంచి వచ్చి వెన్ను పట్టుకున్నాడు. పట్టుకుని వాడూ ఏడ్చాడు.

చావు విన్నాక తల మీద నీళ్ళు పోసుకోవాలి కదా. బండి వెనక తలుపు దగ్గర షవర్ గొట్టం ఉంటుంది, ఇసుకలో ఆడి వచ్చిన పిల్లల కాళ్ళు కడగడానికి. గోదావరివాడే బిగించాడు దాన్ని. వాడు పట్టుకుంటే నేను బట్టలతోనే దాని కింద కూర్చున్నాను. అన్న కూడా పోసుకున్నాడు. "నీ అక్క నాకు చెల్లె కాదా" అన్నాడు. ట్యాంకులో నీళ్ళు అయిపోయేదాకా కూర్చున్నాం.

"ఎప్పుడు తీస్తరో అడుగు" అన్నాడు అన్న తల తుడుచుకుంటూ. "నువ్వచ్చేదాక ఉంచుమను. అర్బాబ్ కాళ్ళు నేను పట్టుకుంట, పొద్దుగాల ఫ్లయిట్‌కు ఎక్కిస్త."

ఫోన్ తెరిచి, వాళ్ళకు కొంచెం దూరంగా పోయి కోడలికి చేశాను. మొదటి మోతకే ఎత్తింది.

"ఎప్పుడు పోయింది బిడ్డా?" అన్నాను.

"ఎవలు?"

ఫోన్ చెవికి ఇంకా గట్టిగా నొక్కుకున్నాను.

"ఎవలు పోయిండ్రు మామా? ఏమైంది? నువ్వేడున్నవ్? పొద్దటి సంది చేస్తున్న. నీది కలుస్తలేదు. పెద్దమామకు చేస్తే, ఏడువకు బిడ్డా, నేను చూసుకుంట అని పెట్టేసిండు. నీకిస్తడేమో అని ఎంతసేపు చూసినం..."

"అక్క... అక్క ఉందా?"

"ఉన్నది మామా. పైపు ఏసిండ్రు."

ఉంది! ఆ ఒక్క మాటకు నా ఒళ్ళు ఎట్లా ఎగిరిందో చెప్పలేను. తడి బట్టలతో అక్కడే గంతులు వేయబోయాను. కోడలు ఇంకా చెబుతూనే ఉంది.

"నువ్వు చేస్తవని చూసింది మామా. డాక్టర్లు వస్తే, ఒక్క నిమిషం ఆగుండ్రి, మా తమ్ముడు చేస్తున్నడు అన్నది. మల్లొచ్చిండ్రు. మల్ల గట్లనే అన్నది. చెయ్యి పట్టనియ్యలే. నాకు చెప్పమ్మా, నేను మామకు చెప్త అన్న. నీకు కాదే, వానికి అన్నది. దమ్ము ఆడక కండ్లు తేలేసినంక గప్పుడు ఏసిండ్రు. ఇప్పుడు మత్తుల పెట్టిండ్రు. లోపటికి పోనిస్తలేరు."

అక్క మళ్ళీ ఆ మత్తులోంచి బయటికి రాలేదు. నేను వెళ్ళేసరికి అద్దం అవతల ఉంది. ఆ తర్వాత అదీ లేదు. నాకు చెప్పాలనుకున్నదేమిటో ఆమెతోనే పోయింది. ఇంటి సంగతా, పిల్ల పెళ్ళి సంగతా, నన్ను ఇంకో నాలుగు తిట్లు తిట్టాలనా, ఎన్నిసార్లు ఎన్ని రకాలుగా అనుకున్నా నాకు అందదు. ఆమె డాక్టర్లను ఆపుతున్నంతసేపూ నేను దిబ్బ మీద నిలబడి పళ్ళికిలిస్తున్నాను. చేతిలో ఫోన్ ఉంది. రెండు గీతలున్నాయి. ఆమె బతకాలనే కదా నేను దాన్ని ఆపేశాను.

ఫోన్ పెట్టేసి వెనక్కి తిరిగాను. కోపం రాలేదంటే అబద్ధం. అన్న మెడ పట్టుకుని ఆ ఇసుకలో కుక్కాలనిపించింది. ఒక్క ముక్క విని ఉంటే ఏం పోయేది ముసలోడా! ఆ పిల్ల నోరు తెరవనిస్తే నీ సొమ్మేం పోయేది! నాలుక చివరి దాకా వచ్చింది.

ఆయన బండి పక్కన నిలబడి ఉన్నాడు. నెరిసిన జుట్టు నెత్తికి అతుక్కుపోయి, సాయంత్రం గాలికి గజగజ వణుకుతూ, నేను విప్పేసిన కుర్తా పిండి బండి అద్దానికి ఆరేస్తున్నాడు.

"ఎప్పుడు తీస్తరట?" అన్నాడు.

"బతికే ఉన్నది" అన్నాను.

కుర్తా ఆయన చేతిలోంచి జారిపోయింది. ఇసుకలో అట్లాగే కూలబడి, రెండు చేతులూ పైకెత్తి, ఏ దేవుడికో కూడా చూసుకోకుండా అందరికీ మొక్కాడు. ఏడుస్తూ నవ్వుతున్నాడు. గోదావరివాడు పరిగెత్తుకొచ్చాడు. "నా నోట్ల మన్ను వడ, బతికున్న చెల్లెకు నీళ్ళు పోసుకున్న! నూరేండ్లు ఉంటది, సూడు!" అంటున్నాడు అన్న. ఉన్నట్టుండి నవ్వు ఆపి నా ముఖంలోకి చూశాడు.

"మరి ఆ పిల్ల పొద్దుగాల ఎందుకు చేసింది?"

"ఊకెనే. నేను ఎత్తుతలేనని."

"అక్క మాట్లాడిందా?"

"మాట్లాడింది."

"ఏమన్నది?"

ఇద్దరూ నా నోటివైపే చూస్తున్నారు.

"నీ పక్కన అన్న ఉన్నడు గద, నాకేం ఫికరురా అన్నది."

అన్న ముఖం చేతుల్లో దాచుకున్నాడు. కొంతసేపటికి లేచి, కుర్తాకు అంటిన ఇసుక దులిపి, మళ్ళీ అద్దానికి ఆరేశాడు.